ఫ్యూజు పీకే ముందు స్టీరింగ్ చూడండి

నర్సీపట్నం నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు, బండి పేరు కూడా వద్దన్నారు. చుట్టుపక్కల అలాంటిది ఒక్కటే ఉందట, చదివినవాళ్ళు ఇట్టే పట్టేస్తారట. ఆయన మిరియాలు, పసుపు కొనే వ్యాపారి. చింతపల్లి, జి.మాడుగుల, పాడేరు వైపు ఊళ్ళకు తనే వెళ్ళి సరుకు చూసుకుంటారు. బండి 2014 మోడల్, ఎప్పుడూ నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళే రకం డీజిల్ ఎస్‌యూవీ, లక్షా డెబ్భై వేల కిలోమీటర్లు తిరిగింది. మామగారిది. ఆయన పోయాక అత్తగారు "కొండలెక్కే పని అల్లుడికే కదా" అని తాళాలు చేతిలో పెట్టారు.

గొడవ సెప్టెంబరులో మొదలైంది. జి.మాడుగుల అవతల ఒక ఊరికి ఎర్రమట్టి దారిలో ఎక్కుతుంటే, సరిగ్గా ఎత్తు మధ్యలో డాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ లైటు టపటపా కొట్టుకుంది, ఇంజిన్ ఊపు పడిపోయింది. యాక్సిలరేటర్ నేలకి ఆనేదాకా తొక్కినా స్పందన లేదు. బండి వెనక్కి జారి గట్టుకి ఆనుకుని ఆగింది. ఊరివాళ్ళు ఎనిమిది మంది వచ్చి నెట్టారు. తర్వాత జనవరిలో, తెల్లవారుజామున పొగమంచులో భార్యతో, కూతురితో లంబసింగి ఘాట్ దిగుతుంటే ఒక కుడి మలుపులో అదే లైటు వెలిగి, బీప్ బీప్ మని మోగి, కింద నుంచి గరగరమని చప్పుడొచ్చి, బండి ఎడమకి, అంటే లోయ వైపుకి, ఒక్క గుంజు గుంజింది. స్పీడు నలభై కూడా లేదంటున్నారు. ఆ తర్వాత మరో మూడుసార్లు పొడి రోడ్డు మీద కూడా అలాగే లాగిందట, ప్రతిసారీ ఎడమకే.

షెడ్డులో మెకానిక్ చూసి "ఈ పాత బండికి ఇవన్నీ ఎందుకు సార్, ఏబీఎస్ ఫ్యూజు పీకేస్తాను, పీడా పోతుంది" అన్నాడు. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది; జారుడు లైటు వెలిగించే కంట్రోలు కూడా ఆ ఫ్యూజుతోనే పోతుంది. బావమరిది ఆ మాట పట్టుకున్నాడు. "మా నాన్న కమాండర్ జీపులో ఇరవై ఏళ్ళు ఇవే కొండలు ఎక్కాడు, దాంట్లో ఏ కంట్రోలు ఉంది బావా" అంటాడు. భార్యది ఇంకో మాట. ఆ పొగమంచులో చక్రం జారిందని, ఆ సిస్టమే తమ ముగ్గుర్నీ కాపాడిందని ఆవిడ నమ్మకం. అది తీసేస్తే బండెక్కనని, పిల్లని ఎక్కించనని తెగేసి చెప్పింది. ఇప్పుడు ఇంట్లో ఈ విషయం మీద మాటలు లేవు. "పీకెయ్యమంటారా, ఉంచమంటారా, ఒక్క ముక్కలో చెప్పండి" అని అడిగారు.

ఒక్క ముక్కలో చెప్పలేను, క్షమించండి. చెబితే రెండు సమస్యలకి ఒకే మందు రాసినట్టవుతుంది. మీరు సెప్టెంబరు సంగతీ జనవరి సంగతీ ఒకే జబ్బు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. మొదటిది జబ్బే కాదు. రెండోది జబ్బు, దానికి ఫ్యూజు పీకడం మందు కాదు.

ముందు బురద సంగతి. ట్రాక్షన్ కంట్రోల్ అనేది చక్రం పట్టు దొరక్క గిర్రున తిరగడం చూసి రెండు పనులు చేస్తుంది. ఆ చక్రానికి బ్రేకు వేస్తుంది, ఇంజిన్‌కి తగ్గమని చెబుతుంది. తడి తారురోడ్డు మీద రెండూ మంచివే. ఎర్రమట్టి ఎత్తులో మాత్రం ఆ రెండోది కొంప ముంచుతుంది, ఎందుకంటే అక్కడ చక్రం కాస్త తిరగాలి. తిరిగితేనే టైరు గాడుల్లో అతుక్కున్న మట్టి విసిరేసినట్టు బయటికి పోతుంది, గాడి మళ్ళీ నేలని పట్టుకుంటుంది. ఊపు చచ్చిపోయాక ఆ మట్టిలో మళ్ళీ కదలడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు, ఎనిమిది మంది నెట్టారు. బండిలో ట్రాక్షన్ కంట్రోల్ ఆపే బటన్ ఇచ్చింది సరిగ్గా ఇలాంటి చోట నొక్కడానికే. మీరు ఉత్తరంలో "బటన్ ఉంది గానీ నొక్కితే పసుపు లైటు వెలుగుతోంది, ఏమైనా అవుతుందేమోనని ఎప్పుడూ ముట్టుకోలేదు" అని రాశారు. ఏమీ కాదు. ఆ లైటు "ఇప్పుడు నేను కాపలా లేను, నువ్వే చూసుకో" అని చెప్పడానికి మాత్రమే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా బండ్లలో బటన్ ఊరికే ఒకసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ ఒక్కటే ఆగుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు మూడు సెకన్లకి పైగా నొక్కి పట్టుకుంటే, మలుపులో బండి అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఆగుతుంది. టొయోటాల్లో ఎక్కువగా ఇదే పద్ధతి. ముందు వెనక ఇరుసులకి బలం పంచే మధ్య డిఫరెన్షియల్‌ని లాక్ చేసినా, లో గేర్‌లో వేసినా స్టెబిలిటీ దానంతటదే తప్పుకునే బండ్లు కూడా ఉన్నాయి, ముందు వెనక ఇరుసులు ఒకే వేగంతో కట్టేసినట్టు తిరుగుతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి బండిని తిప్పడం కుదరదు కాబట్టి. అలా తప్పుకున్నా, గాల్లో తిరిగే చక్రానికి బ్రేకు వేసే పని మాత్రం కొన్నిటిలో మిగిలే ఉంటుంది, అది మీకు చాలా కావలసిన పని. ఒక ముందు చక్రం, ఎదురు మూలలో వెనక చక్రం రెండూ గోతుల మీద తేలిపోయాయనుకోండి, మామూలు డిఫరెన్షియల్ బలమంతా తేలిన చక్రానికే ధారపోస్తుంది. తేలినదానికి బ్రేకు పడితేనే నేల మీద ఉన్నదానికి బలం పోతుంది. అంటే అన్నీ తీసిపారేస్తే కొండ బాగా ఎక్కుతుందన్న మీ బావమరిది లెక్క సగమే నిజం. బురదలో ఊపు కావాల్సిన చోట నిజం, రాళ్ళూ గోతులూ ఉన్న చోట తిరగబడుతుంది. మీ బండిలో ఏ బటన్ ఏది ఆపుతుందో మాన్యువల్లో ఒక పేజీ ఉంటుంది, మామగారి బండి కాబట్టి గ్లవ్ బాక్సులోనే ఉండొచ్చు. వెతకండి.

ఇక జనవరి సంగతి, అసలు కథ ఇక్కడుంది. మీరు మూడో పేజీ చివర, ఏదో గుర్తొచ్చి రాసినట్టుగా ఒక వాక్యం రాశారు: "డిసెంబరులో ముందు టైర్లు రెండూ మార్చి అలైన్‌మెంట్ చేయించాను, అప్పట్నుంచి తిన్నగా పోతున్నా స్టీరింగ్ కొంచెం ఎడమకి తిరిగి ఉంటోంది, అది వేరే సంగతి లెండి." అయ్యా, అదే సంగతి.

స్టెబిలిటీ కంట్రోల్ ఎలా ఆలోచిస్తుందో ఒకసారి చూడండి. స్టీరింగ్ కాలమ్‌లో ఒక సెన్సర్ ఉంటుంది, డ్రైవరు ఎటు పోవాలనుకుంటున్నాడో అది చెబుతుంది. సీట్ల మధ్య, సాధారణంగా కన్సోల్ కింద, ఇంకో సెన్సర్ ఉంటుంది, బండి నిజంగా ఎంత తిరుగుతోందో అది చెబుతుంది. నాలుగు చక్రాల దగ్గరా వేగం చూసే సెన్సర్లు. కంప్యూటర్ సెకనుకి పాతిక సార్లు ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. డ్రైవరు కోరింది ఒకటి, బండి చేస్తున్నది ఇంకొకటి అయితే ఒక చక్రానికి బ్రేకు వేసి సరిచేస్తుంది. ఆ గరగర చప్పుడు ఆ బ్రేకు పంపుదే.

ఇప్పుడు మీ స్టీరింగ్ తిన్నగా పోయేటప్పుడే ఎడమకి ఉంది. ఆ ఎడమనే సున్నా అని కంప్యూటర్‌కి ఎవరూ చెప్పకపోతే, దాని లెక్కలో మీరెప్పుడూ కాస్త ఎడమకి పోవాలనుకుంటున్న మనిషి. కుడి మలుపులో మీరు కుడికి తిప్పారు, బండి సరిగ్గానే కుడికి తిరిగింది. కానీ కంప్యూటర్‌కి కనిపించింది వేరు: ఈయన కొంచెమే తిప్పాడు, బండి అంతకంటే ఎక్కువ తిరిగిపోతోంది, వెనక భాగం జారుతోంది కాబోలు! అలాంటప్పుడు మలుపుకి బయటివైపు ముందు చక్రానికి బ్రేకు వేయాలి. కుడి మలుపులో బయటివైపు అంటే ఎడమ. వేసింది. బండి ఎడమకి గుంజింది. మీరు ప్రతిసారీ ఎడమకే అని రాయకపోయి ఉంటే నాకు ఇంత ధైర్యంగా చెప్పే వీలుండేది కాదు.

మీరు పంపిన ఫొటోల్లో ఇంకోటి కనిపించింది. వెనక టైరు మీద 265/65 ఆర్ 17 అని ఉంది. ముందు టైరు ఫొటో పెద్దది చేసి చూస్తే 265/70 ఆర్ 17. షాపులో "ఇది ఇంకా గట్టిది సార్" అని వేసేశారేమో. మధ్యలో ఆ ఐదు తేడాకి చక్రం మొత్తం వ్యాసం 776 మిల్లీమీటర్ల నుంచి 803కి పెరుగుతుంది, మూడు శాతం పైమాట. పైగా వెనకవి అరిగి ఉన్నాయి, తేడా ఇంకా పెరిగింది. అంటే తిన్నటి రోడ్డు మీద కూడా వెనక చక్రాలు ముందువాటికంటే ఎప్పుడూ ఎక్కువసార్లు తిరుగుతున్నాయి. కంప్యూటర్ దాన్ని జారడం అనుకునే అవకాశం ఉంది. అది అటుంచి, ఫుల్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్‌లో మధ్య డిఫరెన్షియల్ ఆ తేడాని ప్రతి కిలోమీటరూ మింగుతూ వేడెక్కుతుంది. గట్టి నేల మీద దాన్ని లాక్ చేస్తే ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి విరగాల్సిందే. కంట్రోల్ ఉన్నా లేకపోయినా, ముందు ఈ టైర్లు మార్చండి. డ్రైవరు డోరు తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, దాంట్లో ఏ సైజు ఉంటే నాలుగూ ఆ సైజే, ఒకే రకం. ఖర్చే, కాదనను. మధ్య డిఫరెన్షియల్ ఉండే, గేర్ బాక్సు పక్కనున్న ఆ డబ్బా విప్పితే అయ్యే ఖర్చు దీనికి ఎన్నో రెట్లు.

సరే, మీ ముందు ఉన్న దారులు ఇప్పుడు చూద్దాం.

మెకానిక్ చెప్పిన దారిలో పోతే ఏమవుతుందో ఆయన మీకు మొత్తం చెప్పలేదు. ఆ ఫ్యూజు ఏబీఎస్‌ది. అది పీకితే స్టెబిలిటీతో పాటు ఏబీఎస్ పోతుంది, ముందు వెనక చక్రాలకి బ్రేకు ఎంతెంత పంచాలో చూసే ఏర్పాటూ పోతుంది. గట్టిగా బ్రేకు కొడితే వెనక చక్రాలు ముందుగా బిగుసుకుని బండి వెనక భాగం తోక ఊపినట్టు తిరగొచ్చు. నేనూ ఒకప్పుడు ఈ పని చేసినవాడినే. వేరే బండిలో లైటు చికాకు భరించలేక ఫ్యూజు పీకి జేబులో వేసుకుని మూడు వారాలు తిరిగాను, ఏమీ కాలేదు, నాకంటే తెలివైనవాడు లేడనుకున్నాను. నాలుగో వారం వానలో గేదె అడ్డొచ్చింది. బ్రేకు కొట్టాను. బండి ఆగేసరికి నేను వచ్చిన దారి వైపే చూస్తున్నాను, గేదె నా వెనక తాపీగా రోడ్డు దాటుతోంది. ఇంకో ప్రమాదం: కొన్ని పెద్ద ఎస్‌యూవీల్లో మామూలు వ్యాక్యూమ్ బూస్టర్ ఉండదు, బ్రేకుకి బలమిచ్చే ప్రెజర్‌ని కరెంటు పంపే తయారుచేస్తుంది. అలాంటి దాంట్లో తెలియక ఏదో ఫ్యూజు పీకితే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. మీ బండి ఏ రకమో ఆ మెకానిక్‌కి తెలుసా? అడగండి. నీళ్ళు నమిలితే తాళాలు వెనక్కి తీసుకోండి. ఇంకా, ఫ్యూజు పీకాక డాష్‌బోర్డు మీద లైట్లు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి, రేపు నిజంగా బ్రేక్ ఆయిల్ తగ్గినా మీరు పట్టించుకోరు. ఏదైనా జరిగి ఇన్సూరెన్స్ సర్వేయర్ వస్తే ఆ ఖాళీ ఫ్యూజు గూడు ఆయన కంట పడకుండా ఉండదు.

సెన్సర్ వైరు కోసి డాష్ కింద ఒక స్విచ్ పెట్టడం ఇంకో దారి, మీ మెకానిక్ దాన్ని కూడా చెప్పొచ్చు. ఫ్యూజు కంటే నయంగా కనిపిస్తుంది, కావాలంటే వేసుకోవచ్చు, వద్దంటే ఆపుకోవచ్చు. కానీ నడుస్తున్న బండిలో సెన్సర్‌ని ఉన్నట్టుండి మాయం చేస్తే కంప్యూటర్ దాన్ని లోపంగా రాసుకుంటుంది, మళ్ళీ స్విచ్ వేసినంత మాత్రాన కొన్నిసార్లు తేరుకోదు. కోసిన చోట ఏజెన్సీ వానలకి తుప్పు పట్టి, ఏడాది తర్వాత నిజంగా చెడిపోతుంది. బటన్ ఎటూ ఉంది కదా, ఈ దారి నాకు దండగ అనిపిస్తుంది. ఇసుకలోనో మంచులోనో పందేలకి వెళ్ళేవాళ్ళకి దీని అవసరం ఉందేమో గానీ మిరియాలు కొనేవాళ్ళకి లేదు.

మూడోది మరమ్మతు. టైర్లు సరిచేసి, మళ్ళీ అలైన్‌మెంట్ చేయించండి. చేసేటప్పుడు ముందు స్టీరింగ్‌ని నిటారుగా పెట్టి క్లాంపు వేసి, ఆ తర్వాతే చక్రాలు సరిచేయాలి. చాలాచోట్ల ఈ మొదటి పని ఎగ్గొడతారు. పక్కన నిలబడి చూడండి. తర్వాత స్టీరింగ్ సెన్సర్‌కీ, కన్సోల్ కింద సెన్సర్‌కీ సున్నా ఎక్కడో నేర్పించాలి, దాన్ని జీరో పాయింట్ కాలిబ్రేషన్ అంటారు. స్కానర్ ఉన్నవాళ్ళకి చదునైన నేల మీద కొద్ది నిమిషాల పని. అదే స్కానర్‌లో నాలుగు చక్రాల వేగం పక్కపక్కన పెట్టి, తిన్నటి రోడ్డు మీద ఇరవైలో నడపమనండి. మూడు ఇరవై చూపించి ఒకటి పద్దెనిమిదో, మధ్యమధ్యలో సున్నానో చూపిస్తే ఆ చక్రం బేరింగ్ వదులైందనో, సెన్సర్ పళ్ళ చక్రంలో ఎర్రమట్టి గట్టిపడిందనో, ఎలుక వైరు కొరికిందనో అర్థం. గోడౌన్ పక్కన పార్క్ చేస్తానన్నారు, ఎలుకల్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇన్ని చేశాక కూడా గుంజితే నా అంచనా తప్పే, అప్పుడు లోపల బ్రేకు యూనిట్‌నే చూడాలి, ఆ ఖర్చు పాత బండికి పెట్టాలా వద్దా అన్నది అప్పుడు వేరే లెక్క. అంతవరకూ ఇంటివాళ్ళని ఆ బండిలో ఘాట్ దింపకండి. మీరు కూడా తప్పనిసరైతేనే, ముప్ఫై దాటకుండా.

నాలుగోది, బండిని కొండ పనికి మాత్రమే ఉంచి కుటుంబానికి ఇంకో చిన్న కారు చూసుకోవడం. డబ్బు వీలైతే తప్పేం లేదు. కానీ గొడవ తప్పించుకోవడానికి కొంటే, ఆ పెద్ద బండిలో మీరొక్కరే లోయ పక్కన గుంజుడు తింటూ తిరుగుతారు, అది ఎవరికీ ఊరట కాదు.

బావమరిది మాటకి వస్తే, అతను అబద్ధం చెప్పలేదు. కమాండర్ జీపులో ఇవేవీ లేవు, మారుతీ జిప్సీలో కూడా ఏబీఎస్ లేదు, జనం వాటితోనే కొండలు ఎక్కారు. కానీ ఆ జీపు ఎంత స్పీడు పోయేది? మీ బండి దానికంటే ఎత్తు, బరువు, వేగం. 1997లో స్వీడన్‌లో ఒక చిన్న మెర్సిడెస్ కారు, అడ్డొచ్చిన దుప్పిని తప్పించినట్టు పక్కకి తిప్పే పరీక్షలో పల్టీ కొట్టింది. ఎత్తైన కారు, చటుక్కున మలుపు, అంతే. ఆ తర్వాతే ఆ కంపెనీ ఆ చిన్న కార్లన్నిటికీ స్టెబిలిటీ కంట్రోల్ పెట్టేసింది. అమెరికా ప్రభుత్వం 2012 మోడల్ నుంచి కొత్త కార్లన్నిటికీ దీన్ని తప్పనిసరి చేసింది. ఆ నిబంధన తెచ్చేటప్పుడు వాళ్ళు వేసిన అంచనా, ఒంటరిగా అదుపు తప్పి పల్టీ కొట్టే ఎస్‌యూవీ ప్రమాదాలు 84 శాతం తగ్గుతాయని. మామూలు కార్లకి 71. ఎత్తు బండికే లాభం ఎక్కువ. ఇది వాదన గెలవడానికి చెప్పడం లేదు. అతను వాళ్ళ నాన్న డ్రైవింగ్ గురించి మాట్లాడుతున్నాడు, ఆ బండి మీద అతనికున్న మమకారం మీకు కూడా తెలుసు. బురద ఎత్తుకి వెళ్ళేటప్పుడు అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని బటన్ నొక్కి ఎక్కించండి, అతను చెప్పిన సగం నిజం అతనికే చూపించినట్టవుతుంది.

మీ ఆవిడ విషయంలో నేను కాస్త జాగ్రత్తగా చెబుతాను. ఆ రోజు పొగమంచులో తడి రోడ్డు మీద చక్రం నిజంగా జారిందా, లేక సెన్సర్ తప్పు చెప్పిందా అన్నది ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. తర్వాత పొడి రోడ్డు మీద జరిగిన మూడూ తప్పుడు పిలుపులే అని నా నమ్మకం. మొదటిది మాత్రం ఆవిడ చెప్పినట్టే అయ్యుండొచ్చు. ఆవిడ చెప్పిన దాంట్లో భయం ఒక్కటే లేదు, ఒక పరిశీలన కూడా ఉంది. "నీకేం తెలుసు" అని మీరు అన్నారని రాశారు. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఫ్యూజు, స్కానర్ ఏవీ అక్కర్లేదు.

మరమ్మతు అయ్యాక అలవాటు చేసుకోవలసింది ఒకటే. మట్టి దారి మొదట్లో బండి ఆపి బటన్ నొక్కడం, దిగేటప్పుడు లో గేర్‌లో ఇంజిన్ పట్టు మీద, బ్రేకు తడుముకోకుండా దిగడం, తిరిగి తారురోడ్డు ఎక్కగానే ఇంజిన్ ఒకసారి ఆపి మళ్ళీ స్టార్ట్ చేయడం. ఆపి స్టార్ట్ చేస్తే అన్నీ వాటంతటవే కాపలాకి తిరిగొస్తాయి. కొన్ని బండ్లలో స్పీడు పెరిగితే కూడా వస్తాయి గానీ దాన్ని నమ్ముకోవద్దు. మీరు ఎటూ చింతపల్లిలో టీకి ఆగుతానన్నారు, తాళం తిప్పే పని అక్కడ పెట్టుకోండి, బయల్దేరేముందు పసుపు లైటు ఆరిందో లేదో పక్క సీట్లో ఉన్నవాళ్ళని చూడమనండి. స్కానర్‌లో నాలుగు చక్రాల అంకెలు ఏమొచ్చాయో మాత్రం నాకు రాయండి, ఫొటో తీసి పంపినా సరే.